సున్నా కింద పిన్ను

2024 ఏప్రిల్ 13, శనివారం. డిడ్‌కాట్

క్రోధి నామ సంవత్సరం మంగళవారం వచ్చింది, మా ఉగాది సభ మాత్రం ఇవాళ. ఇంగ్లండులో తెలుగువాళ్ల పండగ ఏదైనా శనివారం దాకా ఆగాల్సిందే. రెడింగ్ దాకా ఎంజీబీ జీటీలో వెళ్లాం, నేనూ అమ్మాయీ. 1972 బండి, 1798 సీసీ ఇంజను. వెళ్లేటప్పుడు ముల్లు వంక చూడలేదు. వచ్చేటప్పుడు వాలింగ్‌ఫర్డ్ దాటాక చూస్తే ఆయిల్ ప్రెషర్ 40 దగ్గర ఉంది. ఇంజను మూడు వేల ఆర్‌పీఎం మీద తిరుగుతోంది. చలికాలానికి షెడ్డులో పెట్టకముందు ఇదే రోడ్డు మీద, ఇదే వేగంలో 55 చూపించేది. మా ఊరి రౌండెబౌట్ దగ్గర ఆగేసరికి ముల్లు పూర్తిగా సున్నా మీదకి వాలిపోయింది.

చప్పుడులో తేడా లేదు. నీళ్ల వేడి మామూలుగానే ఉంది. ఈ బండిలో ఆయిల్ కోసం వేరే ఎర్రలైటు లేదు, దిక్కల్లా ఈ ముల్లే. ఇంటి దాకా నెమ్మదిగా తెచ్చి ఆపేశాను.

మాన్యువల్ తీసి చూశాను. బండి పరుగులో ఉంటే 50 నుంచి 80, ఐడిలింగ్‌లో 10 నుంచి 25. అన్నీ చదరపు అంగుళానికి పౌండ్లు. ఆ లెక్కన నా ఇంజను రెండు చోట్లా తప్పింది.

ఏప్రిల్ 14, ఆదివారం

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా డిప్‌స్టిక్కు తీశాను. ఆయిల్ పై గీతకు కాస్త కింద ఉంది. వేళ్ల మధ్య రాశాను, వాసన చూశాను. పెట్రోలు వాసన లేదు. చోక్ ఎక్కువసేపు లాగి ఉంచినా, కార్బురేటర్ పొంగినా పెట్రోలు పిస్టన్ల పక్కనుంచి జారి సంపులో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే ప్రెషర్ పడిపోతుంది. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉండే బండ్లలో డయాఫ్రమ్ చిరిగినా ఇదే గొడవ. ఎంజీబీలో పంపు కరెంటుది, వెనక చక్రం దగ్గర ఉంటుంది. ఆ దారి మూసుకున్నట్టే.

గ్రేడు కూడా సరైనదే, 20డబ్ల్యూ-50. ఆ రోజుల ఇంజన్లకు ఇది పోయాలి. ఇంట్లో రెండో కారుకు వాడే పలచని ఆయిల్ ఇందులో పోస్తే ప్రెషర్ పడిపోయిందని గుండెలు బాదుకోవడం తప్పదు.

తర్వాత స్టార్ట్ చేసి, వేడెక్కించి, రాసుకున్న అంకెలు ఇవి.

చల్లటి ఇంజను, స్టార్ట్ చేశాక: 68. కానీ అక్కడికి చేరడానికి ముల్లు చాలాసేపు తీసుకుంది.
బాగా వేడెక్కాక, 3000 మీద: 40.
బాగా వేడెక్కాక, 800 మీద ఐడిలింగ్: 0. ఒక్కోసారి దానికి అంటీ అంటనట్టు 1.

ఐడిలింగ్‌లో నిజంగానే ప్రెషర్ లేకపోతే పైన రాకర్లకు ఆయిల్ ఎక్కకూడదు. ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి, టార్చి వేసి చూశాను. రాకర్ షాఫ్టు కొస నుంచి ఆయిల్ ఊరుతూనే ఉంది. రాకర్ల మీద తడి మెరుస్తోంది, నా చొక్కా మీద రెండు చుక్కలు కూడా పడ్డాయి. సంపు నుంచి అంత ఎత్తుకు ఆయిల్ ఎక్కుతోందంటే ప్రెషర్ సున్నా అయ్యే ప్రసక్తే లేదు. ఎంత ఉందో తెలియదు గానీ, సున్నా మాత్రం కాదు. అంటే ఈ మూడు అంకెల్లో ఒకటి అబద్ధమని తేలిపోయింది. మిగతా రెండింటిని ఇంకా ఎందుకు నమ్మాలి?

ఏప్రిల్ 16, మంగళవారం

పాతకార్లు బాగుచేసే షెడ్డుకు ఫోన్ చేశాను. నా అంకెలు రెండు విన్నాడో లేదో, "బేరింగులు అరిగాయి, ఇంజను దించాలి, ఆ చేత్తోనే పంపు కూడా మార్చేద్దాం" అన్నాడు. మొత్తం మూడున్నర వేలు దాటుతుందట. గేజి సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పబోతే "గేజి తక్కువ చూపిస్తోందని అందరూ అనుకుంటారు" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. ఖర్చు తప్పించుకోవాలనుకునేవాడికి తప్పు ముల్లుదే అనిపిస్తుంది. ఇంజన్లు దించి బతికేవాడికి ఎప్పుడూ బేరింగులే అరుగుతాయి. ఈ రెండు నమ్మకాల్లో ఏదీ కొలత కాదు.

రాత్రి రాజమండ్రికి ఫోన్. బాబాయి అంబాసిడర్ ట్యాక్సీ నడిపినవాడు, సొంతంగా ఇంజను విప్పి బిగించినవాడు.

"ఎన్ని కేజీలు చూపిస్తోందిరా?"

"నలభై పౌండ్లు బాబాయ్. మూడు కేజీల లోపు."

"కొట్టుకుంటోందా?"

"లేదు."

"కొట్టుకోకుండా ఇంజను దించుతారేంట్రా? డబ్బులు ఎక్కువయ్యాయా?"

ఆయన మాటకు విలువుంది. అంబాసిడర్‌లో చాలాకాలం వచ్చిన 1489 సీసీ ఇంజనూ, నా బండిలో ఉన్న 1798 సీసీ ఇంజనూ ఒకే ఇంటివి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ-సిరీస్. బోరు వేరు గానీ స్ట్రోకు రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే. బాబాయి దానిలో మూడు మెయిన్ బేరింగులు. ఎంజీబీకి కూడా మొదట మూడే ఉండేవి, 1964 చివర్లో ఐదు చేశారు.

అయినా కొట్టుకునేదాకా ఆగమనే సలహా నాకు ఎక్కలేదు. బేరింగు చప్పుడు చెవికి వినిపించేసరికి క్రాంకు మీద గీతలు పడిపోయి ఉంటాయి. ట్యాక్సీకి అది సరిపోయే లెక్కే కావచ్చు, ఆగిన రోజే దించుకుంటారు. నాకు చప్పుడుకు ముందే తెలియాలి.

అసలు ఈ అంకె ఏం చెబుతుందో ఒకసారి సూటిగా రాసుకోవాలి. పంపు ప్రెషర్‌ను పుట్టించదు. క్రాంకు తిరిగిన కొద్దీ ఇంత ఆయిల్ అని తోస్తుందంతే. ఆ ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడటానికి ఎంత ఇబ్బంది పడితే అంత ప్రెషర్. సందు పెరిగితే పడిపోతుంది. ఆయిల్ వేడెక్కి పలచబడినా పడిపోతుంది. 40 డిగ్రీల దగ్గర ఈ ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర ఉండేదానికి ఎనిమిది తొమ్మిది రెట్లు. అందుకే ఆయిల్ ఎంత వేడి మీద ఉందో చెప్పకుండా ప్రెషర్ ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే.

ఇంకోటి. గేజికి వెళ్లే గొట్టం బ్లాకు వెనకవైపు ఒక్కచోట మొదలవుతుంది. మా కోనసీమ కాలువ మీద లాకు దగ్గర మట్టం చూసి శివారు చేలకు నీళ్లందాయని ఎవరూ సంతకం పెట్టరు. ఇక్కడా అంతే. ఆ ఒక్కచోట ప్రెషర్ బాగున్నా చివరి బేరింగుకు దారి పూడిపోయి ఉండొచ్చు. కాబట్టి గేజి మంచి మాట చెప్పినా అది సగం మాటే. చెడ్డ మాట చెబితే ముందు దాన్నే పరీక్షించాలి.

టెస్టు గేజి ఆర్డరు పెట్టాను.

ఏప్రిల్ 17, బుధవారం

గేజి వచ్చేలోపు రిలీఫ్ వాల్వు చూశాను. ఇంజను ఎడమవైపు, వెనక మూల, గుండ్రటి తల ఉన్న పెద్ద నట్టు. దాని వెనక స్ప్రింగు, స్ప్రింగు కొసన గిన్నెలాంటి ప్లంజరు. ప్రెషర్ 70 దగ్గరికి రాగానే ఆ ప్లంజరు వెనక్కి జరిగి, మిగిలిన ఆయిల్‌ను సంపులోకి వదిలేస్తుంది.

నట్టు ఊడదీయడం తేలికే, పెద్ద పానా పడుతుంది. ప్లంజరే రాదు. ఆయిల్ జిడ్డుకు లోపల అతుక్కుని కూర్చుంటుంది. ఒక కర్రపుల్ల కొస చెక్కి, గిన్నెలో బిగించి, మెల్లగా తిప్పుతూ లాగితే వచ్చింది. ముఖం తుడిచి కిటికీ దగ్గర చూశాను. సీటు మీద కూర్చునే చోట సన్నటి వలయం, చుట్టూ ఎక్కడా తెగలేదు. చెత్త ఇరుక్కున్న గుర్తు లేదు. స్ప్రింగు పొడవు కొలిస్తే సరిగ్గా 3 అంగుళాలు, మాన్యువల్‌లో ఉన్నంత.

స్ప్రింగు వెనక మాత్రం మాన్యువల్‌లో లేని ఒక వాషరు ఉంది. నాకంటే ముందు యజమాని ఎవరో పెట్టి ఉంటాడు. ప్రెషర్ తక్కువగా కనిపిస్తే స్ప్రింగు కింద వాషరు వేసి బిగించడం పాత చిట్కా. ముల్లు లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ ఈ వాల్వు పైహద్దు మాత్రమే నిర్ణయిస్తుంది. వేడి మీద, ఐడిలింగ్‌లో 15 పౌండ్లు ఉన్నప్పుడు అది ఎలాగూ మూసుకునే ఉంటుంది. దాని స్ప్రింగు ఎంత బిగిస్తే ఏం లాభం? ప్లంజరు సరిగ్గా కూర్చోకపోతేనో, తెరుచుకుని ఇరుక్కుపోతేనో తప్ప కింది అంకెకు ఈ వాల్వుతో సంబంధం లేదు.

వాషరు తీసేయాలని చెయ్యి లాగింది. తీయలేదు. ఇప్పుడు తీస్తే అంకె మారినప్పుడు ఏ కారణం వల్ల మారిందో తెలియదు. ఎలా ఉందో అలాగే బిగించాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

ఏప్రిల్ 20, శనివారం

టెస్టు గేజి వచ్చింది. కొలిచి సర్టిఫై చేసినది, 100 పౌండ్ల దాకా.

దారాల దగ్గర జాగ్రత్త పడ్డాను. బ్రిటిష్ పైపు దారం, అమెరికన్ పైపు దారం చూడటానికి ఒకటే. ఎనిమిదో వంతు అంగుళం సైజులో బ్రిటిష్‌ది అంగుళానికి 28 చుట్లు, అమెరికన్‌ది 27. మొదటి రెండు చుట్లు ఎక్కేస్తుంది, తర్వాత బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే బ్లాకులో దారం పోతుంది. అప్పుడు నిజంగానే ఇంజను దించాలి. చేత్తో చివరిదాకా ఎక్కితేనే పానా పట్టాలని నియమం పెట్టుకున్నాను.

టీ జాయింటు వేసి, బ్లాకు దగ్గరే టెస్టు గేజి, అదే చోటు నుంచి డాష్‌బోర్డు గేజి. రెండూ ఒకే ఆయిల్, ఒకే క్షణం చూస్తాయి. అమ్మాయి లోపల కూర్చుని అంకెలు అరిచింది, నేను బోనెట్ కింద చదివాను.

చల్లగా: టెస్టు గేజి 81, డాష్‌బోర్డు 68.
వేడి మీద 3000: 53, 40.
వేడి మీద ఐడిలింగ్: 14, 1.

మూడు చోట్లా తేడా 13. ఇంజను పాసయింది. పైన బొటాబొటీగా, కింద కాస్త నయంగా, మొత్తానికి మాన్యువల్ హద్దుల్లోనే ఉంది.

అయినా ఒకటి మిగిలింది. స్టార్ట్ చేయగానే టెస్టు గేజి దాదాపు వెంటనే లేచింది, డాష్‌బోర్డు ముల్లు మాత్రం తీరిగ్గా. నా బండిలో ఫిల్టరు నోరు కిందికి పెట్టి నిలబెట్టి ఉంటుంది. బండి ఆగాక ఆయిల్ అందులోంచి జారిపోతే, మళ్లీ నిండేదాకా ప్రెషర్ రాదు. ఇన్నాళ్లూ ఈ ఆలస్యం దానిదే అనుకున్నా. అదే అయితే రెండు ముళ్లూ కలిసి ఆలస్యం కావాలి. కాలేదు. కాబట్టి ఆలస్యం ఫిల్టరుది కాదు, గొట్టానిదో గేజిదో.

సాయంత్రం, చేతిలో నిజం చెప్పే గేజి ఉంది కదా అని, ఆ వాషరు తీసి చూశాను. చల్లటి ఇంజను మీద 81 కాస్తా 71 అయింది. వేడి మీద ఐడిలింగ్ అప్పుడూ 14, ఇప్పుడూ 14. వాషరును డబ్బాలో పడేశాను.

ఏప్రిల్ 21, ఆదివారం

గొట్టమా, గేజా? బ్లాకు నుంచి రబ్బరు గొట్టం ఇంజను వెనక గోడ దాకా వస్తుంది. అక్కడి నుంచి సన్నటి రాగి గొట్టం డాష్‌బోర్డు వెనక్కి. ఆ రెంటి అతుకు దగ్గర విప్పి, రాగి గొట్టానికి సైకిలు పంపు తగిలించాను. నిలబెట్టి రెండు చేతులా కొట్టే పంపు, దానికీ గేజి ఉంది. నిన్న ఆ గేజిని కూడా టెస్టు గేజితో పోల్చి చూసుకున్నాను.

అమ్మాయి పంపు కొట్టింది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"పది!" అంది. ముల్లు కదల్లేదు.

"పన్నెండు!" కదల్లేదు.

"పదిహేను!" కొంచెంసేపటికి 2.

తర్వాత 20కి 7, 40కి 27, 60కి 47, 80కి 67. పైకి ఎక్కించినా కిందికి దించినా అవే అంకెలు. అద్దం మీద వేలితో తట్టినా ముల్లు ఉలకలేదు. లోపల పళ్లు పట్టేస్తే తట్టగానే ఎగిరిపడేది. ట్యూబు సాగి ఉంటే పైకి పోయేకొద్దీ తేడా పెరిగేది. ఇక్కడ తేడా మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. అంటే యంత్రం బాగానే ఉంది. ముల్లు మాత్రం తన కీలు మీద పక్కకు జారింది.

13 దాకా ముల్లు ఎందుకు కదల్లేదో టార్చి వేసి చూస్తే తెలిసింది. సున్నా గీత దగ్గర సన్నటి పిన్ను ఒకటి ఉంది. ముల్లు దానికంటే కిందికి పోలేదు. జారిన ముల్లు, ప్రెషర్ లేనప్పుడు, సున్నాకు 13 గీతల కింద ఉండాలి. పిన్ను అడ్డుకోవడంతో సున్నా మీదే నిలబడుతుంది. ఇంజను ఆపి ఉన్నప్పుడు చూస్తే గేజి అచ్చం సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. ఏ కొలత పరికరాన్నయినా ముందు సున్నా దగ్గర చూసుకోమంటారు. నేనూ స్టార్ట్ చేసే ముందు అదే చూసేవాణ్ని. ఆ పరీక్షనే ఈ పిన్ను పనికిరాకుండా చేసింది. పిన్ను ఉన్న గేజికి సున్నా దగ్గర పరీక్షే లేదు. మధ్యలో ఎక్కడో ఒకచోట కొలిచి చూడాల్సిందే.

ఇక ఆలస్యం సంగతి. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని గేజి వెనక నట్టు విప్పాను. అక్కడ ఒక చిన్న తోలు వాషరు ఉంటుంది. అది లేకుండా బిగిస్తే మరిగే ఆయిల్ నేరుగా కాళ్ల మీద కారుతుంది. దాన్ని జాగ్రత్తగా అగ్గిపెట్టెలో పెట్టాను. రాగి గొట్టంలోకి గాలి కొడితే అవతలి కొస నుంచి నల్లటి జిడ్డు మెల్లగా బయటికొచ్చింది. బూట్ల పాలిష్ కంటే చిక్కగా ఉంది. దాని వెనకే గాలి బుస్సుమంది.

తిరిగి బిగించి మళ్లీ పంపు. ఇప్పుడు ముల్లు వెంటనే లేస్తోంది. కానీ 60కి 47 దగ్గరే ఆగుతోంది.

ఇది ఇలాగే ఉండాలి. ఆ గొట్టంలో ఆయిల్ పారదు, నిలబడి ఉంటుంది. పారనిచోట సగం పూడిక ప్రెషర్‌ను తగ్గించలేదు, అందడాన్ని ఆలస్యం చేస్తుందంతే. గొట్టంలో గాలి బుడగ ఉన్నా అంతే. ముల్లు నెమ్మదిగా లేస్తే గొట్టాన్ని అనుమానించాలి. లేచాక తక్కువ దగ్గర నిలబడిపోతే గొట్టం జోలికి పోనక్కర్లేదు. నా బండిలో రెండు జబ్బులూ ఒకేసారి ఉండబట్టి ఒకే జబ్బులా కనిపించాయి.

మే 4, శనివారం

ఇవాళ గేజి బయటికి తీశాను. ఈ పని వాయిదా వేస్తూ వచ్చింది ఊరికే కాదు.

ఇది జంట గేజి. ఒకే అద్దం కింద ఒక పక్క ఆయిల్ ప్రెషర్, ఇంకో పక్క నీళ్ల వేడి. ఆయిల్ గొట్టం విప్పుకోవచ్చు. నీళ్ల వేడి చూపే గొట్టం విప్పలేం. గేజికి ఒక కొస, సిలిండర్ హెడ్‌లో దిగిన బల్బుకు ఇంకో కొస శాశ్వతంగా అతికి ఉంటాయి. లోపల ఈథర్. తల వెంట్రుకంత పగులు వచ్చినా ఆ ఈథర్ పోతుంది, గేజిలో ఆ సగం చచ్చిపోతుంది. కాబట్టి బల్బుతో సహా మొత్తం ఒకేసారి బయటికి రావాలి.

బల్బును పట్టి ఉంచే నట్టు గొట్టం చుట్టూ తిరుగుతుంది. ఏళ్ల తుప్పు వల్ల నట్టూ బల్బూ ఒకదానికొకటి కరుచుకుని ఉంటాయి. పానాతో తిప్పితే గొట్టం కూడా మెలి తిరుగుతుంది. రెండు రోజులుగా తుప్పు వదిలించే ఆయిల్ పోసి నానబెట్టాను. ఇవాళ పానా మీద కుడిచెయ్యి, గొట్టం మీద ఎడమచేతి రెండు వేళ్లు. నట్టు వెంట్రుకవాసి తిరిగింది. వేళ్ల కింద గొట్టం కదల్లేదు. వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు, మళ్లీ ఆయిల్. అరగంటకు నట్టు వదులైంది. బల్బు మాత్రం సున్నం పట్టి రంధ్రంలోనే ఉండిపోయింది. దాన్ని అటూ ఇటూ ఆడించి, కొంచెం కొంచెంగా పైకి లాగాను. నీళ్లు కాస్త చిందాయి. బల్బు సొట్ట పడకుండా వచ్చింది.

అంతా చుట్టగా చుట్టి, డబ్బాలో దూది పెట్టి, పాత గేజిలు బాగుచేసే ఒకాయనకు పంపడానికి ఆబింగ్డన్ పోస్టాఫీసుకు వెళ్లాను. ఈ బండి పుట్టిన ఊరు. బాడీ స్విండన్‌లో తయారై వచ్చేది, చివరి బిగింపు ఇక్కడ. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు ఈ ఊరి నుంచే బయటికి వెళ్లాయి. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూసేశారు. పక్కనే ఎంజీ కార్ క్లబ్ ఆఫీసు, కింబర్ హౌస్ మాత్రం ఉంది.

మే 14, మంగళవారం

ఆఫీసులో ఒకాయనకు జాగ్వార్ ఈ-టైప్ ఉంది. నా కథ విని "నా బండికీ ఇదే, మూడేళ్లుగా తక్కువే చూపిస్తోంది" అన్నాడు. ఆ బండి దారి వేరు. దానిలో ఆయిల్ డాష్‌బోర్డు దాకా రాదు. ఇంజను దగ్గర సెండర్ ఒకటి ప్రెషర్‌ను కరెంటుగా మార్చి పంపుతుంది. సెండర్ చెడొచ్చు, వైరు కనెక్షను తుప్పు పట్టొచ్చు, సెండర్‌కు బ్లాకుతో ఎర్త్ అందకపోవచ్చు, గేజి చెడొచ్చు. ఈ-టైప్ సెండర్లకు తక్కువ చూపిస్తాయని ముందునుంచీ పేరుంది.

పద్ధతి మాత్రం ఒకటే అన్నాను. సెండర్ ఊడదీసి, ఆ రంధ్రంలో మామూలు గేజి బిగించి, ఇంజను వేడి చేసి చూడు. అప్పుడు తెలిసేది ఇంజను సంగతి. ఇంజను బాగుందని తేలాక వైర్లతో ఎన్నాళ్లు కుస్తీ పట్టినా నష్టం లేదు. నిద్రయితే పడుతుంది. వరస తప్పి, ముందు కొత్త సెండర్ కొని, అది కూడా తక్కువ చూపిస్తే "అయితే ఇంజనే" అనుకునేవాళ్లు చాలామంది. కొత్తది కూడా తప్పు చూపించగలదు. ఒకే రకం పరికరాన్ని రెండుసార్లు అడిగితే రెండు సాక్ష్యాలు కావు. వేరే రకందాన్ని అడగాలి.

జూన్ 1, శనివారం

గేజి తిరిగొచ్చింది. కూడా చిన్న కాగితం: ముల్లు స్పిండిల్ మీద వదులై జారింది, తీసి సరైన చోట బిగించాను, బోర్డన్ ట్యూబు బాగానే ఉంది. నొక్కిన గొట్టాన్ని కొడవలిలా వంచి లోపల ప్రెషర్ పెడితే అది తిన్నబడాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. యూజీన్ బోర్డన్ 1849లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఇంతే. నూటడెబ్బై ఐదేళ్ల తర్వాత కూడా అదే ట్యూబు నా డాష్‌బోర్డులో పనిచేస్తోంది. తప్పిందల్లా దాని కొసన ముల్లు పట్టు.

బిగించే ముందు మళ్లీ సైకిలు పంపు. 20కి 20, 40కి 40, 60కి 59. బల్బుకు కొత్త వాషరు, ఆయిల్ నట్టు దగ్గర అగ్గిపెట్టెలోని తోలు వాషరు. టీ జాయింటు మీద టెస్టు గేజి ఇంకా అలాగే ఉంచాను.

వాలింగ్‌ఫర్డ్ దాకా వెళ్లొచ్చాం. వేడి మీద 3000: బోనెట్ కింద 53, డాష్‌బోర్డులో 53. ఐడిలింగ్: 14, 14.

బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "నేను చెప్పలా, ఇంజనుకేం కాలేదని" అన్నాడు. చెప్పాడు నిజమే. కానీ ఆయన చెప్పింది చప్పుడును బట్టి. చప్పుడు లేకుండా పోయే బేరింగుల గురించి అడిగితే మాట మార్చి, మామిడిపళ్ల ధర ఎత్తాడు.

జూన్ 2, ఆదివారం

షెడ్డాయనకు ఫోన్ చేసి అంకెలు రెండూ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "బేరింగులు ఎలాగూ పాతవే కదా, చలికాలంలో ఒకసారి చూద్దాం" అన్నాడు. ఇది మాత్రం ఒప్పుకోదగ్గ మాట. బేరింగుల వయసు చూసి సంపు విప్పడం వేరు, జారిన ముల్లు చూసి ఇంజను దించడం వేరు. 53 అంటే హద్దుకు మూడే మెట్ల పైన. అది కూడా మర్చిపోకూడదు.

ఇకమీద పాటించాల్సినవి ఇక్కడ రాసి పెడుతున్నా.

నెలకోసారి మూడు అంకెలు: చల్లగా, వేడి మీద 3000 దగ్గర, వేడి మీద ఐడిలింగ్‌లో. పక్కనే ఆ రోజు వాతావరణం, నడిపిన మైళ్లు, ఆయిల్ పోసిన తేదీ. ఒక్క అంకెతో ఏమీ తేలదు, వరస చూడాలి.

అంకె అకస్మాత్తుగా, అన్ని చోట్లా ఒకే కొలతన పడితే: ముందు గేజి.
ముల్లు నెమ్మదిగా లేచి సరైన చోటికే చేరితే: గొట్టం, ఆ తర్వాత ఫిల్టరు.
చల్లగా బాగుండి, వేడి మీద మాత్రం నెలనెలా కొంచెం కొంచెం దిగుతుంటే: బేరింగులు, పంపు.
ఎప్పుడు పడినా సరే, ఆయిల్ మట్టం, వాసన, గ్రేడు చూడకుండా పానా పట్టకూడదు.

ఏడాదికోసారి, షెడ్డు నుంచి బండి తీసిన రోజున, ఆయిల్ గొట్టం విప్పి సైకిలు పంపుతో 40 దగ్గరా 60 దగ్గరా చూసుకోవాలి. సున్నా దగ్గర చూడటం దండగ.

రెండు వేర్వేరు గేజిలు, పూర్తిగా వేడెక్కిన ఇంజను మీద, 3000 దగ్గర 45 కంటే తక్కువ చూపించిన రోజున సంపు విప్పిస్తాను. ఆ రోజు షెడ్డాయనతో బేరం ఆడను.